పసిచేతుల పని తెలిసిన పంతులు – ఫ్రోబెల్

మన బడి నుంచి బయటికి వెళ్లినవాళ్లలో చాలామందిమి ఇప్పుడు తాతలం, అమ్మమ్మలం, నానమ్మలం అయ్యాం. కలుసుకున్నప్పుడల్లా మనవడు ఎల్‌కేజీలో చేరాడనో, మనవరాలు యూకేజీ పూర్తిచేసిందనో చెప్పుకుంటాం. ఆ కేజీ అంటే కిండర్‌గార్టెన్ అని అందరికీ తెలుసు. ఉపాధ్యాయ శిక్షణ పొందినవాళ్లకు ఆ పేరు పెట్టినాయన ఫ్రోబెల్ అన్న సంగతి కూడా గుర్తుండే ఉంటుంది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకు జవాబుగా చదువుకున్నదే కదా! కానీ ఆ మనిషి ఎవరు, ఏం చేశాడు, ఎందుకు ఒక ప్రభుత్వం ఆయన బడులను మూయించింది అన్నది రెండు మార్కుల్లో ఇమిడే కథ కాదు.

ఈ స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం వారు అడిగినప్పుడు నాకు ఫ్రోబెల్ గుర్తుకు రావడానికి ఒక కారణం ఉంది. ఈమధ్య మా వీధి చివర స్టేషనరీ దుకాణంలో ఒక తల్లి, రేపటికల్లా బడిలో ఇవ్వాల్సిన ప్రాజెక్టు వర్కు కోసం తయారుగా ఉన్న థర్మోకోల్ ఇల్లు కొంటోంది. పక్కన ఆరేళ్ల పిల్లవాడు నిలబడి చూస్తున్నాడు. ఇల్లు చేయాల్సింది వాడు. చేసింది ఎవరో, కొన్నది తల్లి, మార్కులు వాడికి. ఆ పిల్లవాడి ఖాళీ చేతులు చూసినప్పుడు, పిల్లల చేతికి పని ఇవ్వడానికే జీవితమంతా ధారపోసిన ఒక పంతులుగారి కథ మన సంచికలో ఉంటే బాగుంటుందనిపించింది.

తల్లి లేని ఇల్లు

ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1782 ఏప్రిల్ 21న జర్మనీలోని తూరింగియా కొండ ప్రాంతంలో, ఓబర్‌వైస్‌బాహ్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి ఆ ఊరి చర్చిలో పాస్టరు. చుట్టుపక్కల పల్లెల బాధ్యత కూడా ఆయనదే కావడంతో ఇంటి పట్టున ఉండే తీరిక తక్కువ. ఫ్రెడరిక్‌కు ఏడాది నిండకముందే తల్లి చనిపోయింది. పిల్లవాణ్ణి పనివాళ్లూ, అన్నలూ చూసుకున్నారు.

కొన్నాళ్లకు తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. సవతి తల్లి మొదట్లో ప్రేమగానే చూసింది. తనకంటూ ఒక కొడుకు పుట్టాక ఆ ప్రేమ కాస్తా తగ్గిపోయింది. ఇంటి చుట్టూ గోడలూ కంచెలూ. వాటి మధ్య ఒక తోట. పిల్లవాడికి స్నేహితులంటే ఆ తోటలోని మొక్కలే. పెద్దన్న క్రిస్టోఫ్ సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు పూలను దగ్గరగా చూడడం నేర్పాడు. హేజల్ మొగ్గలో దాగి ఉండే సన్నని ఊదారంగు పోగులను అన్న చూపించిన రోజును ఫ్రోబెల్ ముసలితనంలోనూ మరిచిపోలేదు. ఈ అన్నను మనమూ గుర్తుపెట్టుకోవాలి. ఈ కథలో ఆయన మళ్లీ వస్తాడు.

చదువులో పిల్లవాడు మందకొడి అనే తండ్రి అనుకున్నాడు. ఊళ్లో మగపిల్లల బడికి కాకుండా ఆడపిల్లల బడికి పంపించాడు. పదేళ్ల వయసులో మేనమామ హాఫ్‌మన్ వచ్చి పిల్లవాడి పరిస్థితి చూసి, తనతో స్టాట్‌ఇల్మ్ అనే ఊరికి తీసుకుపోయాడు. అక్కడ దాదాపు ఐదేళ్లు. తోటి పిల్లలతో ఆటలు, ఏటి ఒడ్డున తిరుగుళ్లు, ఇంట్లో ఆదరణ. తన బాల్యంలో సంతోషంగా గడిచిన కాలం అదేనని ఫ్రోబెల్ తరువాత రాసుకున్నారు. తల్లి ఒడి దొరకని పిల్లవాడికి మేనమామ ఇల్లు దొరికింది.

దారి వెతుక్కున్న ఏళ్లు

పదిహేనో ఏట ఒక అటవీ అధికారి దగ్గర పనికి కుదిరాడు. ఆయన నేర్పింది తక్కువ. కానీ అడవి ఉంది, ఆయన పుస్తకాలు ఉన్నాయి. అక్కడి నుంచి జేనా విశ్వవిద్యాలయం. డబ్బు చాలక అప్పు పడ్డాడు. అప్పు తీర్చలేక తొమ్మిది వారాలు విశ్వవిద్యాలయం వారి జైల్లోనే ఉండాల్సి వచ్చింది. 1802లో తండ్రి పోయాడు. ఆ తరువాత కొన్నేళ్లు భూముల కొలతలు, పద్దులు రాయడం – దొరికిన పనల్లా చేశాడు. ఏ పనిలోనూ కుదురుకోలేదు.

1805లో భవన నిర్మాణ శాస్త్రం చదువుదామని ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లారు. అక్కడ ఒక ఆదర్శ పాఠశాల పెద్ద గ్రూనర్‌తో పరిచయమైంది. మాటల్లో ఆయన ఈ యువకుడిలోని ఉపాధ్యాయుణ్ణి పసిగట్టి, తన బడిలో చేరమన్నారు. అప్పటికి ఫ్రోబెల్ వయసు 23. మొదటిసారి తరగతిలో పిల్లల ముందు నిలబడ్డాక ఆయన అన్న క్రిస్టోఫ్‌కు ఉత్తరం రాశారు. నీళ్లలో పడ్డ చేపకు ఎలా ఉంటుందో తనకూ అలాగే ఉందని ఆ ఉత్తరం సారాంశం. మనలో ఉపాధ్యాయులైనవాళ్లకు ఆ మొదటి రోజు ఎలా ఉంటుందో విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ కాలంలో యూరప్ అంతా చెప్పుకునే గురువు పెస్టాలజీ. స్విట్జర్లాండ్‌లోని ఇవర్డన్‌లో ఆయన బడి. చూసి, పట్టుకుని, అనుభవించి నేర్చుకోవడమే చదువని ఆయన పద్ధతి. ఫ్రోబెల్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో హోల్ట్స్‌హౌజెన్ కుటుంబంలోని ముగ్గురు మగపిల్లలకు ఇంటి మాస్టారుగా కుదిరి, 1808లో వాళ్లను వెంటబెట్టుకుని ఇవర్డన్ వెళ్లారు. రెండేళ్లు తాను బోధకుడిగానూ, పెస్టాలజీకి విద్యార్థిగానూ ఉన్నారు. ఆ ముగ్గురు పిల్లలకు ఆయన పుస్తకాలే చెప్పలేదు. సాగు చేసుకోవడానికి కొంత నేల ఇప్పించారు. కాగితం, అట్ట, చెక్కలతో వాళ్ల చేత పనులు చేయించారు. చేతిపని చేసేటప్పుడు పిల్లల కళ్లలో వచ్చే మార్పును ఆయన అక్కడే గమనించడం మొదలుపెట్టారు.

రాళ్లు నేర్పిన పాఠం

మళ్లీ చదువు. గాటింగెన్, ఆ తరువాత బెర్లిన్. 1813లో నెపోలియన్ మీద యుద్ధానికి లుట్సో దళంలో స్వచ్ఛందంగా చేరారు. యుద్ధంలో పెద్దగా పోరాడిందేమీ లేదు గానీ, జీవితాంతం వెంట నిలిచిన ఇద్దరు మిత్రులు దొరికారు – మిడెన్‌డార్ఫ్, లాంగెటాల్. యుద్ధం నుంచి వచ్చాక బెర్లిన్‌లో ప్రొఫెసర్ వైస్ దగ్గర ఖనిజాల ప్రదర్శనశాలలో సహాయకుడిగా పనిచేశారు. రోజంతా స్ఫటికాల మధ్యే పని. వాటిని కొలవడం, వర్గాలుగా పేర్చడం. ఎంత క్లిష్టమైన స్ఫటికమైనా కొన్ని సరళమైన ఆకారాల నుంచే ఎదుగుతుందని అక్కడ ఆయన మనసులో నాటుకుంది. ఘనం నుంచి మరొక ఆకారం, దాని నుంచి ఇంకొకటి. రాయి లోపలే ఒక క్రమం ఉంటే, పిల్లవాడి లోపల మాత్రం ఎందుకు ఉండదు? ఇరవై ఏళ్ల తరువాత ఆయన పిల్లల చేతికిచ్చిన చెక్క దిమ్మెలకు మూలం ఈ రాళ్ల గదిలో ఉంది.

ఇంతలో ఇంటి నుంచి కబురు. పూలు చూపించిన అన్న క్రిస్టోఫ్ 1813లోనే, యుద్ధం వెంట వ్యాపించిన టైఫస్ జ్వరంతో పోయాడు. ముగ్గురు కొడుకులు తండ్రి లేనివాళ్లయ్యారు. 1816లో ఫ్రోబెల్ ప్రదర్శనశాల ఉద్యోగం వదిలేశారు. అన్న ఉండిన గ్రీస్‌హైమ్ పల్లెకు వెళ్లి, ఆ ముగ్గురినీ, మరో అన్న కొడుకులు ఇద్దరినీ చేర్చి బడి మొదలుపెట్టారు. ఐదుగురు విద్యార్థులు, ఐదుగురూ అన్న కొడుకులే. మరుసటి ఏడు బడి కైల్‌హావ్ అనే పల్లెకు మారింది. మిడెన్‌డార్ఫ్, లాంగెటాల్ వచ్చి చేరారు. జీతాలు నామమాత్రం, భవనం సగంలో, అప్పులు మాత్రం పూర్తిగా. 1818లో ఫ్రోబెల్ పెళ్లి చేసుకున్న విల్‌హెల్మినె బెర్లిన్‌లో పెరిగిన చదువుకున్న స్త్రీ. ఈ పల్లె బడి కష్టాల్లోకి ఇష్టపడి వచ్చింది. వాళ్లకు పిల్లలు లేరు.

1826లో తన ఆలోచనలన్నీ కూర్చి మానవుని విద్య గురించి ఒక పుస్తకం అచ్చువేశారు. చదవడానికి అది కష్టమైన పుస్తకమే. అందులో తేటగా కనిపించే మాట ఒకటుంది: ఆట చిన్నపిల్లల కాలక్షేపం కాదు, ఆ వయసులో వాళ్లు చేయగలిగిన అతి గంభీరమైన పని అదే. అప్పటి పాలకులకు ఇలాంటి స్వేచ్ఛ మాటలు నచ్చలేదు. అనుమానాలు, తనిఖీలు. తనిఖీకి వచ్చిన అధికారి బడిని మెచ్చుకునే నివేదిక ఇచ్చినా పుకార్లు ఆగలేదు. తల్లిదండ్రులు పిల్లలను మాన్పించేశారు. 1831లో ఫ్రోబెల్ కైల్‌హావ్‌ను మిత్రులకు అప్పగించి స్విట్జర్లాండ్ వెళ్లారు. అక్కడ బుర్గ్‌డోర్ఫ్‌లో అనాథాశ్రమం నడుపుతున్నప్పుడు ఆయనకు ఒకటి స్పష్టమైంది. ఏడేళ్లకు బడికి వచ్చేసరికే ఆలస్యమైపోతోంది. అసలు పని అంతకుముందు ఇంట్లో, తల్లి దగ్గర, నేల మీద కూర్చుని ఆడుకునే వయసులో జరగాలి.

పెట్టెలో పెట్టిన బడి

భార్య ఆరోగ్యం బాగా లేక 1836లో జర్మనీకి తిరిగి వచ్చారు. 1837లో, 55 ఏళ్ల వయసులో, కైల్‌హావ్‌కు దగ్గర్లోని బ్లాంకెన్‌బుర్గ్‌లో కొత్త పని మొదలుపెట్టారు. చిన్నపిల్లల కోసం ఆట వస్తువులు తయారుచేయించి, పెట్టెల్లో పెట్టి, వాటితో ఎలా ఆడించాలో రాసి కుటుంబాలకు పంపే పని అది. వాటికి ఆయన పెట్టిన పేరు కానుకలు.

మొదటి కానుక ఉన్నితో చేసిన ఆరు మెత్తని బంతులు – ఎరుపు, పసుపు, నీలం, నారింజ, ఆకుపచ్చ, ఊదా. ఒక్కోదానికి దారం కట్టి ఉంటుంది. ఒళ్లో పాపకు అది ఊపితే వస్తుంది, వెళ్తుంది, కనపడుతుంది, దాక్కుంటుంది. రెండో కానుకలో చెక్క గోళం, ఘనం, స్తూపం. గోళం దొర్లుతుంది, ఘనం నిలబడుతుంది, స్తూపం రెండూ చేస్తుంది. మూడో కానుక ఒక ఘనాన్ని ఎనిమిది చిన్న ఘనాలుగా కోసినది. నాలుగోది అదే కొలత ఘనం, ఎనిమిది ఇటుకలుగా. ఐదు, ఆరు కానుకల్లో ముక్కలు ఎక్కువ, కోతలు రకరకాలు. ఆ తరువాత పలకలు, పుల్లలు, ఉంగరాలు.

ఇవి చూడడానికి మామూలు దిమ్మెలే. ఆడే తీరులో ఉంది విశేషం. పెట్టెను బల్ల మీద బోర్లించి మెల్లగా పైకి తీస్తే ఘనం చెక్కుచెదరకుండా ముందు నిలుస్తుంది. పిల్లవాడు దాన్నే విడదీసి కుర్చీ చేస్తాడు, మంచం చేస్తాడు, బావి చేస్తాడు. ఇవి జీవితంలో కనిపించే ఆకారాలు. అవే ముక్కలను మధ్య నుంచి చుట్టూ పేర్చి పువ్వు చేస్తాడు, నక్షత్రం చేస్తాడు. ఇవి అందం ఆకారాలు. అవే ఎనిమిదింటిని నాలుగు నాలుగుగా, రెండు రెండుగా పంచుతాడు. ఇవి జ్ఞానం ఆకారాలు. ఇంకా లెక్కలనే మాట వినని పిల్లవాడు సగాన్నీ, పావునూ చేత్తో పట్టుకుని చూశాడన్నమాట.

ఇందులో రెండు నియమాలు. ఒకటి, కట్టినదాన్ని తోసి పడగొట్టకూడదు. రెండు ముక్కలు జరిపి, కుర్చీనే మంచంగా మార్చాలి. రెండోది, పెట్టెలోని అన్ని ముక్కలూ వాడాలి, ఒక్కటీ మిగలకూడదు. చివరికి మళ్లీ ఘనంగా పేర్చి పెట్టెలో పెట్టేయాలి. ఒకదాని నుంచి ఇంకొకటి పుడుతుందని, ఏదీ దండగ కాదని పిల్లవాడికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

1839లో విల్‌హెల్మినె చనిపోయింది. ఆ దుఃఖంలోనే ఫ్రోబెల్ తన సంస్థకు తగిన పేరు కోసం వెతుకుతున్నారు. ఒకనాడు మిత్రులతో కలిసి కొండదారిన బ్లాంకెన్‌బుర్గ్‌కు నడిచి వెళ్తూ, కింద లోయ ఒక పెద్ద తోటలా కనిపించగానే ఆగిపోయారట. పేరు దొరికిందని సంతోషంతో కేక వేశారట. కిండర్ అంటే పిల్లలు, గార్టెన్ అంటే తోట. 1840 జూన్ 28న ఆ పేరుతో సంస్థను ప్రకటించారు. పిల్లలు మొక్కలు, పంతులు తోటమాలి. మొక్కను లాగితే పెరగదని చిన్ననాటి తోట ఆయనకు ఎప్పుడో నేర్పింది.

కాగితం, పుల్ల, బఠాణీ

కానుకలతో పాటు ఫ్రోబెల్ వ్యాపకాలు అని మరో వరస ఏర్పరిచారు. కానుక మళ్లీ పెట్టెలోకి పోతుంది. వ్యాపకంలో చేసింది మిగులుతుంది, ఇంట్లో వాళ్లకు చూపించుకోవచ్చు. పిల్లలు ఇంట్లో చేసుకునే కళాకృతులని మనం ఈరోజు అనుకునేవాటిలో సగం ఈ జాబితాలోనివే. అట్ట మీద సూదితో చుక్కలు పొడిచి బొమ్మ తేవడం. ఆ చుక్కల గుండా రంగుదారం కుట్టడం. గళ్లు గీసిన పలక మీద గీతలు కలపడం. రంగుకాగితపు పట్టీలతో చాప అల్లినట్టు అల్లడం. చదరపు కాగితాన్ని మడవడం, మడిచి కత్తిరించడం. మట్టితో బొమ్మలు చేయడం. నానబెట్టిన బఠాణీలకు సన్నని పుల్లలు గుచ్చి ఇళ్లూ నిచ్చెనలూ కట్టడం.

వీటి వరసలోనూ ఆయన స్ఫటికాల బుద్ధి కనిపిస్తుంది. దిమ్మె నిండు ఆకారం. పలక దాని ముఖం. పుల్ల ఆ ముఖపు అంచు. సూదిపోటు ఆ అంచు చివరి చుక్క. ఘనం నుంచి చుక్క దాకా దిగి, మళ్లీ పుల్లలూ బఠాణీలతో, మట్టితో నిండు ఆకారానికి ఎక్కిరావడం. చుక్కలు పెట్టి ముగ్గు వేసే మన ఆడపిల్లలకు చుక్కకూ గీతకూ ఉన్న చుట్టరికం కొత్త కాదు. ఫ్రోబెల్ దాన్ని మూడేళ్ల పిల్లల దాకా తెచ్చి, ఒక క్రమంలో పెట్టారు.

1844లో తల్లుల కోసం పాటలూ, వేళ్ల ఆటలూ ఉన్న బొమ్మల పుస్తకం తెచ్చారు. బొమ్మలు గీసింది కైల్‌హావ్ బడిలోని ఉంగర్ మాస్టారే. తల్లి ఒడి ఎరగని మనిషి, తల్లులు బిడ్డలతో ఎలా ఆడుకోవాలో చెప్పే పుస్తకం రాయడానికి అరవై ఏళ్లు పైబడిన వయసులో కూర్చున్నారు. ఆయన జీవితంలో నన్ను అన్నిటికన్నా కదిలించే విషయం ఇదే. తనకు లేకుండా పోయినదేమిటో ఆయనకు బాగా తెలుసు.

ముసలి పిచ్చివాడు

1849లో లీబెన్‌స్టైన్ అనే ఊరికి ఆరోగ్యం కోసం వచ్చిన బెర్తా ఫాన్ మారెన్‌హోల్ట్స్-బ్యూలో అనే జమీందారీ కుటుంబపు స్త్రీకి, తాను దిగిన ఇంటావిడ ఊరి కబుర్లు చెబుతూ, పల్లె పిల్లలతో చిందులేసే ఒక ముసలాయన కొత్తగా వచ్చాడని, జనం ఆయన్ను ముసలి పిచ్చివాడంటారని చెప్పింది. కొద్ది రోజుల తరువాత బెర్తా ఆ మనిషిని దారిలో చూసింది. నెరిసిన పొడుగాటి జుట్టు, వెంట చెప్పుల్లేని చిన్నపిల్లల గుంపు, ఆట, పాట. ఆగి మాట్లాడింది. ఆ మాటలతో ఆమె జీవితమే మారిపోయింది. ఫ్రోబెల్ తరువాత కిండర్‌గార్టెన్‌ను దేశదేశాలకు తీసుకెళ్లినవారిలో ఆమె ముందు వరసలో నిలిచింది.

చిన్నపిల్లలకు బోధించే పనిలోకి స్త్రీలను తీసుకుని, శిక్షణ ఇచ్చి పంపడం కూడా ఫ్రోబెల్ మొదలుపెట్టినదే. బడి పంతులంటే మగవాడే అయిన ఆ కాలంలో అది చిన్న విషయం కాదు. శిక్షణకు వచ్చినవారిలో ఒకరైన లుయీజె లెవిన్‌ను ఆయన 1851 వేసవిలో పెళ్లి చేసుకున్నారు.

ఆ వేసవిలోనే పిడుగు పడింది. 1851 ఆగస్టు 7న ప్రష్యా ప్రభుత్వం తన రాజ్యంలో కిండర్‌గార్టెన్లను నిషేధించింది. అవి పిల్లలకు నాస్తికత్వం, సోషలిజం నేర్పుతున్నాయన్నది ఆరోపణ. దీనికి మూలం ఒక పొరపాటు. ఆడపిల్లల ఉన్నత విద్య గురించీ, కిండర్‌గార్టెన్ గురించీ కరపత్రం రాసింది ఫ్రోబెల్ అన్న కొడుకు కార్ల్ ఫ్రోబెల్. ఇంటిపేరు చూసి ఇద్దరినీ ఒకటిగా కలిపేశారు. ఫ్రోబెల్ అర్జీలు పెట్టుకున్నారు. ఆ కరపత్రం తనది కాదని, తన బడిలో దేవుడి పాట లేని రోజు లేదని మొరపెట్టుకున్నారు. మంత్రి ఫాన్ రౌమర్ కనికరించలేదు. ఉన్ని బంతులు, చెక్క దిమ్మెలు, కాగితపు చాపలు రాజ్యానికి ప్రమాదమైపోయాయి!

మరుసటి ఏడు ఏప్రిల్‌లో పిల్లలూ, శిష్యురాళ్లూ ఆయన 70వ పుట్టినరోజు చేశారు. జూన్ మొదట్లో గోథాలో ఉపాధ్యాయుల మహాసభ జరిగింది. ఫ్రోబెల్ హాల్లోకి రాగానే సభ అంతా లేచి నిలబడింది. సర్కారు తప్పన్నదాన్ని తోటి పంతుళ్లు నిలబడి గౌరవించారు. మరికొద్ది రోజులకే, 1852 జూన్ 21న, మారియెన్‌టాల్‌లో ఆయన కన్నుమూశారు. నిషేధం అప్పటికీ అలాగే ఉంది. ఎత్తేసింది 1860లో. పక్కనే ష్వైనా ఊరి శ్మశానంలో ఆయన సమాధి మీద మిత్రుడు మిడెన్‌డార్ఫ్ పెట్టించిన గుర్తు చెక్కిన విగ్రహం కాదు. ఒకదాని మీద ఒకటి నిలిపిన రాతి ఘనం, స్తూపం, గోళం. రెండో కానుక.

దిమ్మెలు ఎక్కడెక్కడికి వెళ్లాయి

ఇంటిలో మూలన ఉండే పెట్టెను ఏ ప్రభుత్వమూ పూర్తిగా మూయించలేదు. జర్మనీ వదిలి వెళ్లిన కుటుంబాలతో ఆ పెట్టెలూ వెళ్లాయి. 1851లోనే లండన్‌లో ఒక కిండర్‌గార్టెన్ మొదలైంది. 1856లో మార్గరెతె షుర్ట్స్ అనే ఆమె అమెరికాలోని వాటర్‌టౌన్‌లో తన కూతురికీ, చుట్టాల పిల్లలకూ ఇంట్లోనే ఒకటి నడిపింది.

1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఫ్రోబెల్ కానుకలు చూసి ఒక తల్లి తన తొమ్మిదేళ్ల కొడుక్కి కొనిపెట్టింది. ఆ కొడుకు ఫ్రాంక్ లాయిడ్ రైట్. గొప్ప వాస్తుశిల్పి అయ్యాక కూడా ఆ నున్నని చెక్క దిమ్మెల స్పర్శ తన వేళ్లలో ఉండిపోయిందని ఆయన చెప్పుకున్నారు. కొన్నేళ్ల తరువాత, చూపు సరిగా ఆనని బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ అనే పిల్లవాడికి కిండర్‌గార్టెన్‌లో బఠాణీలు, పుల్లలు ఇచ్చారు. మిగతా పిల్లలు తాము చూసిన ఇళ్లలా చదరంగా కట్టారు. కళ్లద్దాలు లేని ఈ పిల్లవాడు చేత్తో తడిమి, ఏది కదలకుండా గట్టిగా నిలుస్తుందో వెతుక్కున్నాడు. త్రిభుజాలతో కట్టాడు. ముందుముందు జియోడెసిక్ గోపురాలతో పేరు తెచ్చుకున్న ఫుల్లర్ ఇతనే.

మన వైపూ ఒక గొలుసు ఉంది. 1893లో మద్రాసులో టి. సుందరరావు గారు కాగితం మడతలతో రేఖాగణితం నేర్పే ఇంగ్లీషు పుస్తకం అచ్చువేశారు. కిండర్‌గార్టెన్ కానుకల్లోని కాగితం మడతలే ఆ ఆలోచనకు ప్రేరణ అని ఆయనే రాసుకున్నారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న రోజులవి. ఆ పుస్తకాన్ని జర్మన్ గణితజ్ఞుడు ఫెలిక్స్ క్లైన్ ప్రస్తావించడంతో అమెరికాలోనూ అచ్చయింది. తూరింగియా పిల్లల కాగితం మడత మద్రాసులో గణితమై, మళ్లీ సముద్రాలు దాటింది.

మంచితో పాటు చెడూ చెప్పుకోవాలి. ఫ్రోబెల్ పోయాక చాలాచోట్ల ఆయన ఆటలు కవాతుగా మారాయి. టీచరమ్మ చెప్పగానే అందరూ ఒకేసారి పెట్టె తెరవాలి, ఒకేలా పేర్చాలి. కంటికి శ్రమైన సూదిపోట్లు గంటలకొద్దీ చేయించారు. అది చూసి తరువాతి విద్యావేత్తలు ఆయన పద్ధతినే తప్పుపట్టారు. ఇవాళ మన ఎల్‌కేజీలో ఆయన పెట్టిన పేరు ఉంది, మూడున్నరేళ్ల పిల్లవాడి చేత నాలుగు గీతల పుస్తకం నింపించడమూ ఉంది. పేరు మిగిలింది. పనే జారిపోయింది.

మన ఇంట్లో చేయాలంటే

ఫ్రోబెల్ పెట్టెలు కొనాల్సిన పని లేదు. వంటింట్లో ఉన్నవి చాలు. ఎండు బఠాణీలు ఒక రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్లు వంపేసి గుడ్డ మీద కాసేపు ఆరనివ్వండి. చీపురు పుల్లలు కడిగి, జానెడుకు తక్కువగా తుంచి ఇవ్వండి. బఠాణీలో పుల్ల సగం దాకా గుచ్చితే చాలు. మొదట చతురస్రం, తరువాత పెట్టె, తరువాత ఇల్లు. రెండు రోజులు ఎండితే బఠాణీ కుంచించుకుని పుల్లను గట్టిగా పట్టుకుంటుంది. చదరపు ఇల్లు ఊగుతుంటే మీరు చెప్పకండి. ఐమూలగా ఇంకో పుల్ల పెట్టాలని వాడికే తట్టేదాకా ఆగండి. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో బఠాణీలు నోట్లో, ముక్కులో పెట్టుకోకుండా పక్కనే ఉండడం తప్పనిసరి.

పాత క్యాలెండరు కాగితం చాపకు పనికొస్తుంది. మధ్యకు మడిచి, అంచు వదిలి వేలెడు దూరంలో చీలికలు కోయండి. వేరే రంగు పట్టీని ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా పోనివ్వాలి. రెండో వరస దానికి తిరగ. అది వచ్చాక రెండు పైన, ఒకటి కింద అంటే మెట్లు మెట్లుగా కొత్త నమూనా వస్తుంది. అది ఎందుకొచ్చిందో మనవరాలే మీకు చెబుతుంది. చపాతీ పిండి ముద్ద ఇస్తే మొదట ఉండ చేస్తారు. దాన్నే దొర్లించి స్తూపం, నాలుగు పక్కలా తట్టి ఘనం చేయమనండి. ష్వైనా సమాధి మీది మూడు ఆకారాలూ మీ వంటింటి గట్టు మీద ఉంటాయి.

ఇందులో కష్టమల్లా పెద్దవాళ్లదే. వంకరగా వచ్చిందని మన చేత్తో సరిచేయకూడదు. వేగంగా అవ్వాలని తొందరపెట్టకూడదు. బాగుందో లేదో చెప్పేముందు అదేమిటో అడగాలి. ప్రాజెక్టు వర్కు మనం చేసి ఇవ్వకూడదు, దుకాణంలో కొనకూడదు. ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. పిల్లవాడు తెచ్చిన వంకర ఇల్లు దుకాణం ఇంటి కన్నా ఎక్కువ మార్కులకు తగినదని తల్లిదండ్రులకు మీరొక్కసారి చెబితే, వాళ్లు కొనడం మానేస్తారు.

మన బడి మనకు అక్షరాలతో పాటు చేతులనూ ఇచ్చింది. ఈ సంచిక అందిన అట్ట కవరు పారేయకండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే దాన్నీ, మొద్దు మొన కత్తెరనూ వాళ్లకిచ్చి పక్కన కూర్చోండి. ఏం చేస్తారో చూడండి.

– ఒక పూర్వ విద్యార్థి, విశ్రాంత ఉపాధ్యాయుడు